రిపేరుకు పోయిన దీపం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బైబిలు అట్ట లోపల ఒక కాగితం ఉండేది. దాచింది మా బాపు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేదాన్ని. బొగ్గు గనిలో పని చేస్తుండగా పైనుంచి పెళ్ల ఊడి ఆయన నడుం మీద పడింది. మూడు నెలలు మంచంలో ఉన్నాక, ఇక బరువులు ఎత్తకూడదని, గనిలోకి దిగకూడదని డాక్టరు రాసిచ్చాడు. అది ఆఫీసులో చూపిస్తే కొలువు తీసేసి ఇంటికి పంపేస్తారని బాపు భయం. అందుకే ఎవరికీ చెప్పకుండా మళ్లీ గనిలోకి దిగడానికి సిద్ధమయ్యాడు.

ఆయన వంగి చెప్పులు కూడా వేసుకోలేకపోవడం నేను చూశాను. నాకు మనసు కుదురుగా లేదు. అవ్వతో చెబితే ఏడుస్తుందని కాగితం సంగతి పక్కింటి చాచాకు చెప్పేశాను. ఆయన గని దగ్గర దీపాల గదిలో పనిచేసేవాడు. టోపీకి పెట్టుకునే దీపం ఎవరిది వాళ్లకు ఆయన ఇవ్వనిదే ఎవరూ లోపలికి దిగేవారు కాదు.

మర్నాడు పనికి పోయిన బాపు గంటలోనే తిరిగొచ్చాడు. దీపం ఖరాబైందట. రెండో రోజూ అంతే. మూడో రోజు మండిపడుతూ వచ్చాడు. అబద్ధమాడితే పాపమని ఆదివారం బడిలో నేర్చుకున్నదాన్ని. ఇది చాచా పనేనని అర్థమైంది కానీ, ఐదు పూటలా నమాజు చేసే ఆయన ఇంత తేలిగ్గా అబద్ధం ఎలా ఆడుతున్నాడో నాకు అంతుపట్టలేదు.

సాయంత్రం చాచాయే వచ్చాడు. "దీపం మంచిగనే ఉన్నది. నీ నడుమే మంచిగ లేదు. గా కాగితం తియ్యి."

బాపు నా వైపు చూశాడు. నేను అవ్వ వెనక్కి పోయాను.

"చూపిస్తే కొలువు పోతది," అన్నాడు బాపు.

"దాస్తే నువ్వే పోతవ్. దెబ్బ గనిలనే తాకిందని రిజిస్టర్ల ఉన్నది, పైన వేరే పని ఇయ్యాలె. నేను వెంట వస్త."

మర్నాడు ఇద్దరూ ఆఫీసుకు వెళ్లారు. నేను బడి ఎగ్గొట్టి ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. బాపు కొలువు పోతే అది నా నోటి వల్లే. మధ్యాహ్నం దాటాక బాపు వచ్చి, దీపాల గదిలోనే పని ఇచ్చారని చెప్పాడు. అయినా నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

కొన్నాళ్లకు బాపుకు సద్ది అన్నం ఇవ్వడానికి దీపాల గదికి వెళ్లాను. కిటికీ దగ్గర కుంటుతున్న ఒకాయనతో బాపు అంటున్నాడు, "నీ దీపం ఖరాబైంది తమ్మీ. డాక్టర్ కాగితమేమన్న ఉంటే పట్టుకరా." ఆ దీపం వెనకాల వరసలో భేషుగ్గా ఉంది.

మొన్న బట్టల మిల్లులో పనిచేసే మా మనవరాలు మణికట్టు వాచినా ఏం లేదంటూ డ్యూటీకి బయల్దేరింది. దాని స్కూటీ తాళం నా కొంగుకు ముడేసుకుని, కనబడతలేదు బిడ్డా అన్నాను.