తన్లిన్ దారిలో పెద్దమ్మ

మా పెద్దమ్మకు ఊళ్లను కార్లోంచి చూడటం నచ్చేది కాదు. బర్మాలో, తామ్వేలోని మా ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరినా, పల్లె కనపడగానే కారు ఆపించి దిగిపోయేది. "కూకుని సూస్తే ఏటి తెలుస్తాది, నడుద్దుం రా" అనేది.

ఆ రోజు నది వంతెన దాటి, తన్లిన్ అవతల ఆమె పెరిగిన పల్లెలు చూడటానికి వెళ్లాం. రెండు ఊళ్లు నడిచి తిరిగాం. ఒక ఇంట్లో తాటిబెల్లం పెట్టి టీ ఇచ్చారు. మూడో ఊరి మొదట్లో సైనికులు కారు ఆపారు. వయసులో ఉన్న కుర్రాళ్లను దారిలోనే దింపి సైన్యంలోకి తీసుకుపోతున్న రోజులవి. నాకు ఇరవై మూడేళ్లు. ఒక సైనికుడు నా గుర్తింపు కార్డు తీసుకుని, దిగి పక్కన నిలబడమన్నాడు. అక్కడ అప్పటికే ఇద్దరు కుర్రాళ్లు నేల మీద కూర్చుని ఉన్నారు.

నాకంటే ముందు పెద్దమ్మ దిగింది. నా చెయ్యి పట్టుకుని బర్మా భాషలో నెమ్మదిగా చెప్పింది.

"బాబూ, వీడికి మూర్ఛ వస్తుంది. కారు కుదుపు పడదని ఊరు రాగానే దింపి నడిపిస్తున్నాను. ఇక్కడ పడిపోతే మీరే చూసుకోవాలి."

నాకు ఏ జబ్బూ లేదు. సైనికుడు నా ముఖంలోకి చూశాడు. భయంతో నా కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి. కాసేపటికి కార్డు ఆమె చేతిలో పెట్టి వెళ్లమన్నాడు.

ఊరు దాటేదాకా నడుస్తూనే ఉన్నాం. మా ముసలి డ్రైవరు కారును మా వెనకే మెల్లగా తెచ్చాడు.

"ఎనక్కి సూడకు" అంది.

మలుపు తిరిగాక రోడ్డు పక్కన కూలబడింది.

"ఆ పిల్లలిద్దరికీ ఏటి జబ్బు సెప్పాలో నాకు తోచలేదు నాయనా" అని మోకాళ్లలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.