గ్లాసు కింద ఆరిన కొవ్వొత్తి

క్రిస్మస్ ప్రార్థన ముగిసి, చర్చిలో కొవ్వొత్తులు ఆర్పినప్పుడు లేచే మైనపు పొగ వాసన ఇప్పటికీ నన్ను శ్రీరాంపూర్ బొగ్గుగనుల పక్కనున్న మా బడికి, నాలుగో తరగతికి లాక్కుపోతుంది.

చలికాలం పొద్దున, కాలనీ మీద బొగ్గుపొయ్యిల పొగ ఇంకా విడవకముందే, జేబుల్లో రేగుపండ్లు పోసుకొని బడి వరండాలో ఎండకు కూర్చునేవాళ్లం. అక్కడే ఒకరోజు మా సారు పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజుగ్లాసు బోర్లించారు. మంట చిన్నదై, వణికి, ఆరిపోయింది. నీళ్లు గ్లాసులోకి ఎక్కాయి. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. లోపలి గాలి అయిపోయిందని, గాలి లేకుంటే మనుషులైనా అంతేనని సారు చెప్పారు. నా చేతులు లేవలేదు. ఆ సమయానికి మా బాపు గనిలో, నేల కింద ఉన్నాడు.

మర్నాడు ఆయన డ్యూటీకి బయలుదేరే వేళకు బూట్లు బొగ్గు బుట్టలో దాచాను. మా అవ్వ వెతికి తీసి కోప్పడితే, ఏడుస్తూ కొవ్వొత్తి సంగతి చెప్పాను. బాపు బూట్లు తొడుక్కొని డ్యూటీకి పోయాడు. ఆదివారం సైకిల్ మీద కూర్చోబెట్టుకొని, నేలంతా అదిరేలా తిరిగే గని పంకా దగ్గరికి తీసుకెళ్లాడు.

"గీ పంకా లోపటి గాలిని బయటికి గుంజుతది బిడ్డా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

నాకు భయం రెట్టింపైంది. "మరి లోపట నీకేం మిగులుతది?"

"ఖరాబు గాలి ఇటు పోతె, మంచి గాలి మేం దిగే తొవ్వ నుంచి దానంతటదే అస్తది."

ఎవరూ పిలవకుండా గాలి ఎందుకొస్తుంది? ఇంటికొచ్చి, గాలి దూరేందుకు గ్లాసు అంచు కింద రాళ్లు పెట్టి చూశాను. అయినా కొవ్వొత్తి ఆరిపోయింది. సారును అడిగితే బోర్డు మీద బాణం గుర్తులు గీశారు, అర్థంకాకపోయినా తలూపాను. ఆ తర్వాత చాలా రోజులు షిఫ్టు ముగిసే సైరన్ మోగి, నల్లటి ముఖంతో బాపు సందు తిరిగేదాకా గడపలోనే కూర్చున్నాను.

బాపు రిటైరయ్యాక ఒకసారి ఆ సంగతి కదిలించాను.

"గాలి ఎట్లస్తదో గప్పుడు నాకు సుత సమజ్ కాలే బిడ్డా. రోజూ పంకా చప్పుడు ఇన్నంకనే దిగేటోన్ని" అన్నాడు.

ఇప్పుడు ఆ గని మూతపడింది, మా క్వార్టర్ల జాడ లేదు, బాపూ లేడు. అంత భయం పెట్టుకొని ఇంటికొచ్చి మాతో ఏం మాట్లాడేవాడో గుర్తుచేసుకోవాలని చూస్తాను. ముఖం కడుక్కుంటూ, ఇయ్యాల బళ్లె ఏం చెప్పిండ్రు అని అడిగేవాడు, అంతే.