మా పేట బడికి మరమ్మతు

శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డున, చేపలవేట మీద బతికే ఒక పేటలో నేను చాలాకాలం టీచరుగా పనిచేశాను. బడి తెల్లదొరల నాటిది. మందపాటి సున్నపు గోడలు, పెంకుల కప్పు, పొడవాటి వరండా. వాన పడితే పిల్లలందర్నీ కురవని మూలకి జరిపి పాఠం చెప్పేదాన్ని. బాగుచేయమని ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా నేనే.

చివరికి మంజూరైంది. పాత హాలు చెక్కుచెదరకుండా నిలబెట్టి, వెనక కొత్త గదులు కడతామన్నారు. పేటంతా సంబరపడింది. పని అయ్యేదాకా మాత్రం పిల్లలు హైవే అవతలి ఊరి బడికి వెళ్లాలన్నారు.

నాలుగో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. కథ చదువుతూ చదువుతూ ఆపేసి, "ఇప్పుడేటవుతాదో సెప్పండి సూద్దాం" అని తోటివాళ్లని ఏడిపించేది. వాళ్లమ్మ చేపల గంపతో ఊళ్లు తిరిగేది. ఓ రోజు నన్ను దారిలో ఆపింది.

"లారీలు తిరిగే రోడ్డు మా గుంట ఎలాగ దాటుతాదమ్మా? నాను తెల్లారకముందే ఎల్లిపోతాను."

ఒక్క గది మాకు వదలమని ఇంజనీరుని బతిమాలాను.

"ఒక్క ఏడాది ఓర్చుకోండి మేడమ్," అన్నాడు, ఫోన్లోంచి తలెత్తకుండా.

మూడేళ్లు పట్టింది. ఒక కాంట్రాక్టరు మధ్యలో మానేశాడు. తర్వాత పాతరకం పెంకులు దొరకలేదన్నారు. ఈలోగా మగపిల్లలు ఎలాగో రోడ్డు దాటి ఆ ఊరి బడికి వచ్చారు. ఆడపిల్లలు ఒక్కొక్కరే ఇళ్లలో ఉండిపోయారు.

బడి మాత్రం అందంగా తయారైంది. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు ఆ గోడలని ఆనుకుని ఫోటోలు దిగారు. ఆడపిల్లలేరీ అని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు ఇల్లిల్లూ తిరిగాను. ఆ అమ్మాయి వాకిట్లో చేపలు కోస్తోంది. నన్ను చూసి పొలుసంటిన చేతులు వెనక్కి దాచుకుంది.

"రామ్మా, ఇప్పుడు రోడ్డు దాటక్కర్లేదు," అన్నాను.

"సదవడం మర్సిపోనాను మేడమ్. సిన్నపిల్లల్తో కూకోడానికి సిగ్గేస్తాది."

లోపల్నించి తల్లి వచ్చింది. "బడి బాగుపడ్డాది కదమ్మా, ఇంకేటి కావాల మీకు?" అంది.

ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆ పిల్ల రాలేదు. నా ఒళ్లు మండిపోయేది, ఎవరిమీద అరవాలో తెలిసేది కాదు. పేటలో చూసినవాళ్లంతా బడి బాగుందనేవాళ్లు. నిజమే, బాగుంది. కొత్త గదుల్లో ఒకటి తాళం వేసే ఉండేది. కూర్చోబెట్టడానికి పిల్లలు లేరు.