దండాసి దిగిన చోట

మూడేళ్ళుగా రాష్ట్రస్థాయి సైకిల్ పోటీలకు ఒక్క మెట్టు కిందే ఆగిపోతున్నాను. ముప్పై ఆరేళ్ళు వచ్చాయి. ఈసారి కాకపోతే ఇంక లేదని నాకు తెలుసు. అందుకే పలాసలో టైమ్ ట్రయల్ అని వినగానే, విజయనగరంలో నేను డ్రిల్లు మాస్టారుగా పనిచేసే బడికి శుక్రవారం మధ్యాహ్నం సెలవు పెట్టాను. ఇది గుంపుగా తొక్కే పందెం కాదు. నిమిషానికొకరిని వదులుతారు, ఎవరి పోటీ అయినా గడియారంతోనే. మొదటి ముగ్గురూ రాష్ట్రానికి వెళతారు.

రెండు గంటల పాసింజరు. వెళ్ళదలచినవారు సైకిలు చక్రాలు విప్పి సంచిలో పెట్టుకోండి, లేకపోతే సామాన్ల ఆఫీసు చుట్టూ తిరగాలి. నా ఎదుట కూర్చున్న ముసలమ్మ పలాసలో జీడిపప్పు వలిచే మనిషి. సంచిని తడిమి చూసింది.

"ఏటి బాబూ ఇది?"

"సైకిలమ్మా. పందేనికి తీసుకెళుతున్నా."

"సైకిలుని రైలెక్కించీసి, నువ్వూ ఎక్కీసినావా! మరి తొక్కీదెప్పుడు?"

పెట్టెలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఐదున్నరకు పలాసలో దిగి, కాశీబుగ్గ బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది చిన్నదే, కిటికీ తెరిస్తే జీడిగింజలు కాల్చే వాసన. రెండిడ్లీలు ఎక్కువే తిని పెందలాడే పడుకున్నాను.

శనివారం ఉదయం ఏడింటికి పందెం మొదలైంది. ఊరి చివర నుంచి సముద్రం దాకా వెళ్ళి తిరిగి రావాలి, ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. మొదట జీడితోటల మధ్య ఎత్తుపల్లాలు, తర్వాత కొబ్బరితోటలు, తారు మీదికి కొట్టుకొచ్చిన ఇసుక, అది దాటితే ఎదురుగాలి. నా తర్వాత నిమిషానికి బయలుదేరాల్సిన మనిషి పేరు దండాసి. రోజూ తీరం నుంచి కాశీబుగ్గకు చేపల గంప తెచ్చి అమ్ముతాడట. గంప ఇంట్లో పెట్టాడు కానీ, దాన్ని కట్టే తాడు పాత గేర్ల సైకిలు కేరియర్‌కు చుట్టుకునే ఉంది. దాన్ని చూసి లోలోపల నవ్వుకున్నాను.

ఇసుక దగ్గరే ఆ నవ్వు వదిలింది. "పక్కకి మాస్టారూ" అంటూ నన్ను దాటి వెళ్ళిపోయాడు. ఆ గాలిలో రోజూ బరువుతో తొక్కే కాళ్ళవి.

సముద్రం దగ్గర తిరిగి వస్తుండగా, దూరంగా దండాసి సైకిలు దిగి నిలబడి కనిపించాడు. పంక్చరయిందనుకున్నాను. సంతోషించాను, దాచడమెందుకు? దగ్గరికెళితే తెలిసింది. ఎదురుగా శవపేటిక మోసుకుంటూ, ప్రార్థన పాట పాడుకుంటూ క్రైస్తవులు వస్తున్నారు. దండాసి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని, తల వంచి నిలబడ్డాడు. నా గడియారం నడుస్తోంది.

"సైడ్! సైడ్!" అని అరిచాను. పాట ఆగింది. మోసేవాళ్ళు ఒక పక్కకు ఒరిగారు. పేటిక కదిలింది. నేను రోడ్డు అంచున ఇసుకలోంచి దూరి వచ్చేశాను.

లెక్క తేలింది. నాది మూడో స్థానం, దండాసిది నాలుగు. మా మధ్య తేడా పదకొండు సెకన్లు. నిర్వాహకుడు కాగితం ముందుకు జరిపి, "ఎవరైనా రాలేకపోతే సాయంత్రంలోగా ఫోన్ చెయ్యండి, తర్వాతివాళ్ళని పంపుతాం" అన్నాడు. నేను సంతకం పెట్టాను.

దండాసి నవ్వుతూ వచ్చాడు. "బాగా తొక్కినారు మాస్టారూ."

"చనిపోయింది మీకు తెలిసినవాళ్ళా?"

"ఎవులో తెల్దండి. శవం ఎదురొత్తే దిగాల గదా. మాయమ్మని మోసికెల్లినప్పుడు ఈ రోడ్డు మీదే ఎవుడో లారీవోడు ఇంజినాపీసి, దిగి నిలబడ్డాడు. ఆడు మాకేటీ కాడు. అయినా నేను మరిసిపోలేదండి."

నేను అరిచిన సంగతి అతను ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

రైలు సాయంత్రం దాకా లేదు. టెక్కలి వెళ్ళే వ్యాను దొరికింది. దండాసే తన సైకిలుకున్న గంప తాడు విప్పి, వ్యాను పైకెక్కి నా సంచిని గట్టిగా కట్టాడు. "హైవే మీద ఊగిపోద్ది. తాడు ఉంచీండి, మళ్ళీ వత్తారు గదా" అన్నాడు.

పన్నెండున్నరకు టెక్కలి. శ్రీకాకుళం బస్సుకు అరగంట ఉంది. టీ తెచ్చుకుని ఫోన్ తీశాను. నిర్వాహకుడి నంబరు తెర మీద ఉంది. ఒక్క మాట చాలు, దండాసి వెళతాడు. టీ చల్లారింది. బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

రాష్ట్ర పోటీల్లో నాకు వచ్చిన స్థానం చెప్పుకోదగ్గది కాదు. ఇన్నేళ్ళు కోరుకున్న ఆ రోజున నాకు గుర్తొచ్చింది ఆగిపోయిన పాట ఒక్కటే.

పలాస పక్కనున్న ఈ ఉద్దానం తీరం చూడదగ్గది, తప్పక వెళ్ళండి. కొబ్బరినీడలో రోడ్డు బాగుంటుంది, తొమ్మిదిలోపు ఎండ ఉండదు. దారిలో ఎవరినైనా మోసుకొస్తుంటే దిగండి. దండాసి కనిపిస్తే నా తరఫున ఆ తాడు ఇచ్చేస్తామని మాత్రం నన్నెవరూ అడగొద్దు. అది నేనే తీసుకెళ్ళి ఇవ్వాలి. ఇంకా వెళ్ళలేదు.