కబురు తీసుకెళ్లిన మనిషి

ఈ మాట గొంతులో పెట్టుకునే ముసలివాణ్ణయ్యాను. భార్యకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు గనక మీకు చెబుతున్నాను. తెలిసుంటే చెప్పేవాణ్ణా? ఏమో.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది. తెలంగాణ ఉద్యమంతో నగరం అట్టుడుకుతోంది. నేను గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకున్నాను. పక్కగది శామ్యూల్‌ది, నల్గొండ పల్లె. ఇద్దరం అర్థశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లం. నా యాస విని ఎవరైనా మీదికొస్తారేమోనని, కూరలకు వెళ్లినా నా వెంట వచ్చేవాడు.

అర్థశాస్త్ర పరిశోధనకు ఏటా బహుమానమిచ్చి ఉపన్యాసం చెప్పించే ధర్మసంస్థ ఒకటుండేది. గెలిచినవాడు తన వ్యాసం తానే సభలో నిలబడి చదవాలి. రాకపోతే రెండోవాడు తన వ్యాసం చదువుతాడు, బహుమానమూ వాడిదే. అది వాళ్ల నియమం. ఆ ఏడు గెలిచింది శామ్యూల్. తన ఊళ్లో కూలికి గింజలు కొలిచే పద్ధతి మీద రాశాడు. రెండోవాణ్ణి నేను.

గొడవలకు భయపడి సభను కోఠీలోని హాలు నుంచి, ఇప్పటి ఎల్బీనగర్ వైపు ద్రాక్షతోటలో ఉన్న అధ్యక్షుడి ఇంటికి మార్చారు. పక్కగదే కదా, శామ్యూల్‌కి నన్నే చెప్పమన్నారు. తలుపు దాకా వెళ్లాను. లోపల వ్యాసం పైకి చదువుకుంటున్నాడు. ఎంత బాగా చదువుతున్నాడో! ఎత్తిన చెయ్యి దించేశాను. మరిచిపోయానని నాకు నేను ఎన్నిసార్లు నచ్చజెప్పుకోబోయినా, ఆ తలుపు ముందు చెప్పులు చప్పుడు కాకుండా వెనక్కి నడవడం గుర్తొస్తుంది. మర్నాడు తోటలో అతని పేరు పిలిచి, కాసేపు చూసి, నన్ను నిలబెట్టారు. చదివాను. చప్పట్లు కొట్టారు.

అప్పుడే అక్కడ కోఠీలో, తాళం వేసిన హాలు ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డ శామ్యూల్‌ని ఉద్యమకారుడనుకుని పోలీసులు కొట్టారు. కుడిచెయ్యి మళ్లీ సరిగ్గా రాలేదు. దవాఖానకు వెళ్లాను.

“అన్నా, జాగ మారిందని నాకు కబురే రాలేదేంది?” అని అడిగాడు.

“ఆ రాత్రి గదికి రాలేక మనిషిని పంపాను. దారిలో ఏమైందో.”

శామ్యూల్ మంచం మీంచి లేవబోయాడు. “అయ్యో! గా మనిషికేం గాలేదు గద? జర పొయ్యి చూసిరా అన్నా.”

వెళ్లాను. వరండాలో కాసేపు నిలబడి తిరిగొచ్చి, దొరకలేదన్నాను.

ఆ బహుమానం చూసే నాకు కాలేజీలో ఉద్యోగమిచ్చారు. శామ్యూల్ పరిశోధన అక్కడితో ఆగిపోయింది. వనస్థలిపురంలో ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. నా మీద అనుమానపడి ఉంటే, కనీసం ఒక్కసారి నిలదీసి ఉంటే, నాకింత నరకం ఉండేదా? మొన్న చర్చి దగ్గర కనబడి, నువ్వు పంపిన మనిషి ఆచూకీ తెలిసిందా అని అడిగాడు. ఆ గొడవల్లో చచ్చిపోయాడేమోనని ఇన్నేళ్లూ అతని కోసం ప్రార్థన చేస్తున్నాడట. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడూ చెప్పలేదు. ఎలాంటివాణ్ణి నేను?

ఇవాళ ఆదివారం. ఈపాటికి మోకాళ్ల మీద ఉంటాడు.

ఆ మనిషి లేడు. నేనెవర్నీ పంపలేదు. ఇంత రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది.