ఎనిమిది బాటిళ్లలో జింకు

విజయవాడలోని ఒక కాలేజీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో దానమ్మ పదకొండేళ్లు ఊడ్చే పని చేసింది. ఏడో తరగతి దాకా చదువుకుంది. గుణదలలో కాపురం. భర్త బాలశౌరి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనివాడు. 2004 జనవరిలో లెక్చరర్ బసవపున్నయ్య ఆమెను పిలిచి, ఇకనుంచి చీపురు పట్టుకోవద్దని, బాటిళ్లు కడగాలని చెప్పాడు.

ఆయనకు ఒక ప్రాజెక్టు వచ్చింది. నడిసముద్రపు నీళ్లలో ఇనుము, రాగి, జింకు ఎంతెంత ఉన్నాయో కొలవాలి. ఈతకొలను నిండా నీళ్లుంటే అందులో ఉండే జింకు బియ్యపు గింజంత. ఓడ ఇనుముది కాబట్టి దాని పక్కన ముంచిన నీళ్లు పనికిరావు. అందుకని ప్లాస్టిక్‌తో చేసిన ఒక యంత్రాన్ని బంగాళాఖాతం మధ్యలో లంగరు తాడుకు కట్టి వదిలేస్తారు. దగ్గర మనిషెవరూ లేకుండా అదే వారానికో బాటిల్ నింపుకుంటుంది. మొత్తం ఇరవై నాలుగు. ఆరు నెలల తర్వాత ఓడ వెళ్లి తీసుకొస్తుంది.

ఆ ఇరవై నాలుగూ కడిగే పని దానమ్మది. సబ్బునీళ్లలో వారం, యాసిడ్‌లో వారం నానబెట్టాలి. తర్వాత శుద్ధి చేసిన నీళ్లతో అయిదుసార్లు తొలిచి, మూత బిగించి, రెండు కవర్లలో పెట్టాలి. గది నలువైపులా ప్లాస్టిక్ షీట్లు కట్టారు. ఉంగరం, గాజులు తీసేసి లోపలికి వెళ్లాలి. భర్త బట్టలకు ఇనుప రజను ఉంటుందని ఆమె తన చీరలు విడిగా ఉతుక్కుని వేరే తీగ మీద ఆరేసుకునేది. బాలశౌరి నవ్వేవాడు. ఆమె మాత్రం ఆ పనిని చాలా పట్టింపుగా చేసేది.

ఎనిమిదేసి బాటిళ్లు ఒక టబ్బు. మొదటి టబ్బు అయ్యేసరికి గ్లౌజులు వేళ్ల దగ్గర చిల్లులు పడ్డాయి. కొత్తవి కావాలని అడిగితే, రావడానికి వారం పడుతుందని, అందాకా సర్దుకోమని బసవపున్నయ్య అన్నాడు. రెండో టబ్బులో యాసిడ్ గ్లౌజుల్లోకి కారి వేళ్లు పగిలి రక్తం వచ్చింది. మందుల షాపులో తెల్లటి ఆయింట్‌మెంట్ ఇచ్చారు. రోజూ పొద్దున అది పట్టించుకుని, పైన గ్లౌజులు లాక్కుని, పనిలోకి దిగేది. మూడో టబ్బుకి కొత్త గ్లౌజులు వచ్చాయి. మందు మానేసింది.

మేలో యంత్రం సముద్రంలోకి వెళ్లింది. నవంబరులో తిరిగొచ్చింది. నీళ్లను పరీక్షించేది ఫరహత్. వన్‌టౌన్ నుంచి వచ్చే ఆ అమ్మాయి థీసిస్ అంతా ఆ బాటిళ్ల మీదే. ఇనుము, రాగి సరిగానే ఉన్నాయి. జింకు మాత్రం కొన్నిట్లో ఉండాల్సిన దానికి వంద రెట్లు ఉంది.

బసవపున్నయ్య ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"దానమ్మా, కడిగే రోజుల్లో మొహానికి పౌడరు గానీ, చేతులకి మందు గానీ రాసుకున్నావా?"

చీపురు వదిలాక దానమ్మ ఉద్యోగం ప్రాజెక్టు ఉన్నంత కాలమే. "లేదండీ," అంది.

"అయితే తేడా నీ దగ్గరే వచ్చిందమ్మా," అన్నాడాయన ఫరహత్‌తో. "మళ్లీ చెయ్యి. ఇలాగే వస్తే మొత్తం సెట్టు పనికిరాదని రాసేస్తాను."

ఫరహత్ మూడు వారాలు మళ్లీ మళ్లీ చేసింది. మధ్యాహ్నం తిండి మానేసింది. ఒకరోజు మెషీను ముందు కూర్చుని, "నా చెయ్యే మంచిది కాదేమో దానమ్మగారూ," అంది. దానమ్మ ఇంటికి వెళ్లి వంట చేసింది. అన్నం వడ్డిస్తూ మందు సంగతి భర్తకు చెప్పింది. "చెబితే పని పోద్దే," అన్నాడతను. కంచం ముందుకు లాక్కుని, "ఆ పిల్ల సంగతి నువ్వే ఆలోచించుకో," అన్నాడు.

మర్నాడు ఆమె ఆ ఆయింట్‌మెంట్ ట్యూబు చీరకొంగులో చుట్టి తీసుకెళ్లింది.

"ఇందులో ఏముందో చదవండి మేడమ్."

ఫరహత్ చదివింది. "జింక్ ఆక్సైడ్," అంది. "ఎన్ని రోజులు రాశారు?"

"రెండో టబ్బు అయ్యేదాకా. తొమ్మిది నుంచి పదహారు బాటిళ్లండీ. మిగతావాటికి రాయలేదు, ఒట్టు."

ఫరహత్ కాగితాలు తిరగేసింది. జింకు ఎక్కువున్నవి సరిగ్గా ఆ ఎనిమిదే.

"గ్లౌజులు చిరిగాయని చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ. సారు సర్దుకోమన్నారు."

వాళ్లిద్దరూ కలిసే బసవపున్నయ్య దగ్గరికి వెళ్లారు. ఆయన ట్యూబు వంక చూశాడు, ఆమె చేతుల వంక చూశాడు. "మొదటే చెప్పుంటే ఇంత జరిగేదా?" అన్నాడు. గ్లౌజుల మాట ఫరహత్ ఎత్తింది. ఆయన ట్యూబు ఆమె చేతికి తిరిగిచ్చి, మిగతా బాటిళ్ల కాగితాలు తెమ్మన్నాడు.

మిగతా పదహారు బాటిళ్ల లెక్కలు నిలిచాయి. పట్టికలో వానాకాలం ఎనిమిది వారాల జింకు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. థీసిస్ ఏడాది ఆలస్యమైంది. దానమ్మ పని పోలేదు గానీ ఆ గదిలోకి మళ్లీ పంపలేదు. బోటనీ వాళ్ల మెట్లు ఊడ్చే పని ఇచ్చారు.

ఒకరోజు ఆ మెట్ల దగ్గర ఫరహత్ ఎదురైతే, దానమ్మ ఊడ్చడం ఆపి, "ఆ ఎనిమిదింటి నీళ్లు ఏం చేశారు మేడమ్?" అని అడిగింది.

"పారబోశామండీ," అంది ఫరహత్. "సింకులోనే."

నడిసముద్రంలో మనిషి లేకుండా పట్టిన నీళ్లు. దానమ్మ సరేనని తలూపి పక్కకు జరిగింది. ఫరహత్ మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయింది.