ముఖం కనిపించే దయ్యాలు

మా అత్తమ్మ పోయారని ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను అద్దం ముందు కూర్చుని ముఖానికి తెల్లగా పౌడరు పట్టిస్తున్నాను. కళ్ల చుట్టూ కాటుక అయింది, పెదాలకు నల్లరంగు వేయడం ఇంకా మిగిలుంది. అత్తగారు ఆస్పత్రిలో ఉంటే కోడలు చేసే పనేనా ఇది అని మీకు అనిపించవచ్చు. చెప్తాను. కాస్త అటూ ఇటూ పోతే ఏమీ అనుకోవద్దు. నెల దాటినా నాకింకా ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికే వంటింట్లోకీ బాల్కనీలోకీ ఎన్నిసార్లు తిరిగానో.

అత్తమ్మ కరీంనగర్ వైపు పల్లె నుంచి పెళ్లైన కొత్తలో సూరత్ వచ్చారు. బమ్రోలిలో ఒక గది, పక్కనే సాంచెల షెడ్డు. సాంచెలంటే ఆవిడ భాషలో మరమగ్గాలు. మామయ్య మగ్గం నడిపితే ఈవిడ దారం కండెలు చుట్టేవారు. ఆ మోతలో పక్కవాళ్ల మాట కూడా వినపడదు కాబట్టి అక్కడ అందరూ పెదాలు చూసీ, చేతులు చూసీ పని జరుపుకునేవారట. మామయ్య పోయాక, కొడుకు రింగ్ రోడ్ బట్టల మార్కెట్లో ఉద్యోగంలో కుదిరాక, అందరం అడాజన్ ఫ్లాటుకి మారాం. షెడ్డు అక్కడే ఉండిపోయింది కానీ, అది ఆవిడ చెవుల్ని మాత్రం తన దగ్గరే ఉంచేసుకుంది. చెవి మిషను కొనిస్తే ఒక్కపూట పెట్టుకుని, "మళ్ల షెడ్డుల గూసున్నట్టే ఉన్నది" అని తీసి పోపులడబ్బా పక్కన పడేశారు.

నేను గుంటూరు పిల్లని. మావైపు అత్తయ్య అంటాం, వారం తిరక్కుండానే మా ఆయన నా చేత అత్తమ్మ అనిపించాడు. నాకు తొందరెక్కువ. కూర కలుపుతూ, అటు తిరిగి ఏదో అనేసి, జవాబు వినకుండా వెళ్లిపోయే రకం. "నా దిక్కు మొకం పెట్టి చెప్పు బిడ్డా" అనేవారు అత్తమ్మ. అప్పటికీ వేగంగా వాగితే అరచేతిని కిందికి తిప్పి, నిద్రపోయే పసిపిల్లను జోకొట్టినట్టు గాలిని మెల్లగా తట్టేవారు. షెడ్డులో దానికి అర్థం 'నిదానం' అని. దారం తెగిపోయేలా మగ్గం పరుగెడుతుంటే అలా చూపించేవారట. నా నోటికీ అదే సైగ సరిపోయింది.

కరోనా వచ్చింది, అందరి మూతులకూ గుడ్డలు కట్టింది. మొదట్లో మాకెవరికీ తట్టనే లేదు, అత్తమ్మకి దాంతో లోకం మూగబోయిందని. ఒకరోజు సొసైటీ గేటు దగ్గర కూరగాయల బండి ఆగితే వెళ్లారు. "మూ దిఖావ్ భయ్యా, సునాయీ నై దేతా" అని, మాస్కు తీసి మూతి చూపించమంటూ ముందుకి వంగారు. అతను బెదిరిపోయి బండితో సహా వెనక్కి జరిగాడు. ఖాళీ సంచీతో ఇంటికొచ్చి సోఫాలో కూలబడ్డారు.

"ధర చెప్తుండో తిడుతుండో ఏం దెలుస్తది? ప్లేగు వచ్చిన ఏడు గూడ ఈ ఊరంత మూతులకు దస్తీలు గట్టుకున్నది. అప్పుడు నా చెవులు మంచిగుండె. గిప్పుడు మూతులు గూడ మూసుకుంటే నాకేం మిగిలింది బిడ్డా?"

నా దగ్గరున్నవల్లా దయ్యాల సినిమాలు.

నేనొక వెబ్ ఛానల్‌కి పాత సినిమాల మీద తెలుగు వ్యాఖ్యానం రాస్తుంటాను. ఆ రోజుల్లో చేతిలో ఉన్నది మూకీల కాలపు భయానక చిత్రాల చరిత్ర. మధ్యాహ్నాలు కర్టెన్లు మూసి ల్యాప్‌టాప్‌లో చూసేదాన్ని, అదీ రెట్టింపు వేగంలో. దయ్యం మెట్లెక్కేదాకా కూర్చునే ఓపిక నాకెక్కడిది? ఒకరోజు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి గాలిని తట్టింది.

"జర మెల్లగ నడువనియ్యి. దయ్యానికి గూడ ఇంటిదాక రానీకి టైం గావాలె గద!"

ఆ రోజు నుంచీ నా పక్క కుర్చీ అత్తమ్మది. ఆ సినిమాల్లో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ఇంట్లో అందరం ఆవిడతో సమానం అయిపోయాం. మన దేశంలో మూకీలు ఆడినప్పుడు తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడని, హార్మోనియం, తబలా కూడా ఉండేవని చెప్పాను. అంతే, ఆ ఉద్యోగం ఆవిడే తీసుకున్నారు. పొడుగు గోళ్ల పిశాచం నిద్రపోతున్న అమ్మాయి మీదికి వంగితే, దాని గొంతు ఈవిడది: "ఏం బిడ్డా, ఇంట్ల బ్లేడున్నదా? గోళ్లు దీస్కుందామని వచ్చిన." భయపడాల్సిన చోట నేనూ మా ఆయనా పొట్ట పట్టుకునేవాళ్లం.

నాకు తెలిసినవన్నీ చెప్పేదాన్ని, ఆవిడవైపు ముఖం పెట్టి. మొట్టమొదటి దయ్యాలు భయపెట్టడానికి కాదు, గారడీగా పుట్టాయని. కెమెరా ఆపి, మనిషిని పక్కకి పంపి, అక్కడ అస్థిపంజరాన్ని నిలబెట్టి మళ్లీ తిప్పేవారని. "గంతేనా! సాంచె బంద్ వెట్టి దారం మార్చినట్టు" అన్నారు. పగలు తీసిన బొమ్మకు నీలిరంగు పట్టించి రాత్రి అనేవారంటే, ఇంత నీలం రాత్రి తనెన్నడూ చూడలేదని నవ్వారు. కెమెరానీ ప్రొజెక్టర్నీ చేత్తో తిప్పే రోజుల్లో, ఇంకో ఆట పడుతుందని కొందరు హాలు యజమానులు గబగబా తిప్పించేవారని చెబితే మాత్రం నవ్వలేదు. "సేఠ్‌లందరు ఒక్కతీరే" అన్నారు.

నటులు ముఖాలకు అంత సున్నం కొట్టినట్టు ఎందుకున్నారని ఒకసారి అడిగారు. ఆనాటి ఫిల్ముకి ఎరుపు సరిగా అందక ముఖాలు మాసినట్టు పడేవని, అందుకే తెల్లరంగు, నల్ల కళ్లు, నల్ల పెదాలు వేసేవారని చెప్పాను. మాట లేదు కాబట్టి ముఖమే మాట అన్నాను. ఆవిడ తల ఊపారు.

"అందుకే నాకు ఈ దయ్యాలంటె భయం లేదు. మొకం కనవడుతది. మొకం కనవడితే ఏం గావాలెనో తెలుస్తది. ఇగ భయమెందుకు?"

ఒక్క జర్మన్ సినిమా దగ్గర మాత్రం ఆవిడ వ్యాఖ్యానం ఆగింది. ఓడ రేవుకి చేరుతుంది, దాంతో ఎలుకలూ ప్లేగూ దిగుతాయి, ఊళ్లో తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటాయి. ఆ కాలంలో సినిమాలు తీసినవాళ్లు మొదటి ప్రపంచయుద్ధాన్నీ, ఆ వెంటనే వచ్చిన పెద్ద ఫ్లూనీ చూసి వచ్చినవాళ్లే. "ఇది నాకెర్కే" అన్నారు అత్తమ్మ. ప్లేగుకి బెదిరి ఊరొదిలిపోయే జనంతో రైల్వే స్టేషన్ కిక్కిరిసిపోయిందట. కొడుకు చెయ్యి జారుతుందని తన కొంగుతో కట్టేసుకున్నారట.

ఆనాటి వాటిలో చాలా రీళ్లు కాలిపోయాయి, మరికొన్నిటిని ఫిల్ములో ఉండే వెండి కోసం కరిగించేశారు. ఒక ఫొటోనో పోస్టరో మిగిలిన చోట కథ ఊహించుకోవాల్సిందే అని వాపోయాను. "మిగిలినయి జూద్దాం తియ్యి" అన్నారు.

రెండో వేవ్‌లో ఆవిడకి జ్వరం వచ్చింది, తర్వాత ఆయాసం. తిరగ్గా తిరగ్గా ఒకచోట బెడ్ దొరికింది. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. మా ఆయన పొద్దున్నుంచీ సాయంత్రందాకా గేటు దగ్గరే నిలబడేవాడు. లోపల తల నుంచి పాదాల దాకా కప్పుకున్న మనుషులు. పాపం, ప్రాణాలకు తెగించి పనిచేశారు, వాళ్లననడానికి నాకు నోరు రాదు. కానీ అత్తమ్మకి వాళ్ల మాట వినపడదు, పెదాలు కనపడవు. ఆవిడ జీవితంలో మొదటిసారి అసలైన దయ్యాల సినిమాలో పడ్డారు, అందులో ఒక్క ముఖం లేదు.

లోపలి నర్సు తన ఫోన్ పట్టుకుంటే కుదిరిన మొదటి వీడియో కాల్‌లో నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఏదేదో మాట్లాడేశాను. ఫోన్లో ఆవిడ కళ్లు నన్ను వెతుక్కుంటూ తిరిగాయి, దొరక్క పక్కకి వాలిపోయాయి. అత్తమ్మ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. నన్ను నేను ఎంత తిట్టుకున్నానో.

మర్నాడు ముఖమంతా పౌడరు కొట్టాను. కళ్ల చుట్టూ కాటుక. పెదాలకు లిప్‌స్టిక్, దాని మీద మళ్లీ కాటుక. వెలుతురు ముఖం మీద పడేలా బాల్కనీ తలుపు దగ్గర కూర్చుని, ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించాను. చేతులు ఒళ్లో కట్టేసుకున్నాను. కాల్ కలిసింది. ఆక్సిజన్ మాస్కు పైనుంచి రెండు కళ్లు నన్ను చూశాయి. ముందు తెల్లబోయాయి. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు! నేను ఒక్కో మాటా పెదాలతో దిద్దుతూ అన్నాను: "అత్తమ్మా, మీ కొడుకు గేటు దగ్గరే ఉన్నాడు. మేం ఎక్కడికీ పోలేదు." ఆత్రం ఆగక చివర్లో మళ్లీ పరుగెత్తాను. సూది గుచ్చిన చెయ్యి దుప్పటి మీంచి లేచి గాలిని మెల్లగా తట్టింది. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి కళ్లు పక్కకి పోలేదు. తల ఊపారు.

రేపు ఏ గొంతుతో ఏ దయ్యం డైలాగు చెప్పాలో కూడా అనుకున్నాను.

ఆ రేపు అద్దం ముందుండగానే హాల్లో ఫోన్ మోగింది. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గేటు దగ్గరికి వెళ్లడానికి తగిలించుకున్న మాస్కు ఇంకా ముఖానే ఉంది. నేను గబుక్కున లేచాను. "ఎవరు? ఏమన్నారు? ఆక్సిజన్ తగ్గిందా? నిన్న నవ్వారు కదా, నీకూ చెప్పాను కదా, అసలు ఎవరు ఫోన్ చేసింది..."

చిన్నప్పుడెప్పుడో షెడ్డుకి పోవడం మానేసిన మనిషి. అతని చేత్తో ఆ సైగ నేనెన్నడూ చూడలేదు. అరచెయ్యి కిందికి తిప్పి గాలిని మెల్లగా తట్టాడు.

నేను ఆగాను. ఆయన మాస్కు కిందికి లాగి, నావైపు ముఖం పెట్టి, పెదాలు మాత్రం కదిపి చెప్పాడు.